శంకర్రావు గురి

అనుసూయాబాయి వాకిట్లో కూర్చుని ఖాళీ తూటాలను గుడ్డతో తుడుస్తోంది. భర్త చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఇంట్లో తూటాలు నింపే పని ఆమెదే.

శంకర్రావు తండ్రినాటి రైఫిల్‌ను ఒళ్లో పెట్టుకుని, కింది పిడిని గుంజి, మళ్లీ మూశాడు.

"దీనితోని పందుల గొట్టచ్చు, కోతుల బెదిరియ్యచ్చు, పెండ్లి బరాత్‌ల మోగియ్యచ్చు. నా గురే పోయింది. రెండేండ్ల సంది ఒక్క పంది పడలే."

"మొన్న గాలి ఎక్కువుండె అంటివి. అంతకుముందు పందే వంగింది అంటివి."

"నవ్వకు. రేపు కిన్వట్ ఠాణాల అప్పజెప్పి అస్త. గురి లేనోనికి బందూకెందుకు?"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నీ గురికేం కాలే. నేనే సీసం బదులు మైనం పెడుతున్న. మసి పూసి."

"ఏంది?"

"పందుల ఎనక పిల్లలుంటయి. సప్పుడుకే అన్ని ఉరుకుతయి గద. మన జొన్న మనకు దక్కుతనే ఉన్నది."

శంకర్రావు ఆమె పక్కనున్న చాటలోంచి నింపిన తూటా ఒకటి తీసి, మొనను గోటితో గీకి చూశాడు.

"అంటే నేను కొట్టినయి తగిలినయా?"

"మొన్న వాగుకాడ ఒక మగపంది కనవడ్డది. ఈపు మీద ఇంత మసి మచ్చ."

అతని మీసాల కింద నవ్వు కదిలింది.

ఆమె సీసం డబ్బాను ముందుకు జరిపింది. "ఇగో. ఇయ్యాల ఇదే పెట్టుమంటే పెడత. నీ ఇష్టం."

శంకర్రావు డబ్బా వైపు చూడలేదు. చాటలో నింపి ఉన్న మైనం తూటాలు ఏరి జేబులో వేసుకున్నాడు. రైఫిల్ భుజాన పెట్టుకుని చేను దారి పట్టాడు.