పచ్చ చుక్కలు

"పట్టపగలు, నడుస్తున్న సర్వర్లని చేజేతులా పడగొడతావా? కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనమ్మాయ్!" ఓరల్‌బెక్ అరిచాడు.

అల్మాటీలో ఎవరు అంబులెన్సుని పిలిచినా, ఆ పిలుపు ఈ ఆఫీసు సర్వర్ల గుండానే డ్రైవరుకి చేరాలి. వాటికి పెద్ద దిక్కు ఓరల్‌బెక్. వాటిని కావాలని పడగొట్టి, తట్టుకుంటాయో లేదో చూడటం గౌహర్ ఉద్యోగం.

"అవి ఎప్పుడో ఒకరోజు వాటంతటవే పడతాయి అగా. ఆరోజు మీరు కొండమీద స్కీయింగ్ చేస్తుంటారు. ఇవాళైతే అందరం ఇక్కడే ఉన్నాం. అల్మాటీవి పడితే అస్తానా ఊళ్ళోవి అందుకుంటాయని చెప్పింది మీరే కదా? నమ్మకం లేదా?" అంది గౌహర్. పెద్దవాళ్ళని అక్కడ గౌరవంగా 'అగా' అనే పిలుస్తారు.

"ఉంది. కానీ తేడా వస్తే పోయేది మనుషుల ప్రాణాలు."

"ఆ గోడమీద తెర చూస్తూండండి. ఒక్క చుక్క ఎర్రబడినా ఆ క్షణమే వెనక్కి తిప్పేస్తా."

తెరమీద ఊరి పటం ఉంది. తిరిగే ప్రతి అంబులెన్సూ ఒక పచ్చ చుక్క. పిలుపు అందకపోతే ఎర్రబడుతుంది.

గౌహర్ బటన్ నొక్కింది. అల్మాటీ సర్వర్లన్నీ ఆగిపోయాయి. వెనక్కి తిప్పే బటన్ మీద వేలు ఉంచి తెరనే చూస్తోంది. ఓరల్‌బెక్ తెరకి దగ్గరగా జరిగాడు.

ఎంతసేపు చూసినా ఒక్క చుక్కా ఎర్రబడలేదు.

"పోయిన ప్రాణం లేచొచ్చింది తల్లీ! కూర్చో, ఇవాళ టీ నేనే పోస్తా." పెద్దాయన ఒక ఆడపిల్లకి టీ పోయడం ఆ ఆఫీసులో అదే మొదలు. పాలటీతో పాటు నూనెలో వేయించిన బావుర్సాకు రొట్టెల పళ్ళెం కూడా ఆమె ముందుకి జరిపాడు. గౌహర్‌కి గర్వంతో కళ్ళు చెమర్చాయి.

ఇంతలో కింద వీధిలో ఒకటే హారన్ మోత. కిటికీ తీస్తే, గుమ్మం ముందే అంబులెన్సు ఆగి ఉంది. డ్రైవరు ఫోను పైకెత్తి అరుస్తున్నాడు.

"పడుకున్నారా పైన? ఒక్క అడ్రసూ రావట్లేదు! మాలో ఎవ్వరికీ రావట్లేదు! ఎక్కడికి పోవాలి?"

గౌహర్ గిరుక్కున తిరిగి తెర చూసింది. తమ వీధిలో అసలు చుక్కే లేదు. మిగతావన్నీ పచ్చగా, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంతసేపూ ఇద్దరూ రంగే చూశారు, కదులుతున్నాయో లేదో చూడలేదు.

"అగా, ఈ తెరని నడిపే సర్వరు ఎక్కడుంది?"

ఓరల్‌బెక్ చేతిలో టీ తొణికింది. "అల్మాటీ వాటిల్లోనే... నువ్వాపిన వాటిల్లోనే."

గౌహర్ ఒక్క దూకులో వెళ్ళి వెనక్కి తిప్పే బటన్ నొక్కింది. తెర ఒకసారి మినుకుమని, ఊరు ఊరంతా ఎర్రబడింది.