చిక్కం కర్ర

“కథైనా నాటకమేనమ్మా. గుమ్మంలోకి వచ్చినవాడికి ఏదో కావాలి,” అన్నారు నాటకాలాడించే జయకర్ మాస్టారు, వినీల రాసిన కథ పక్కన పెట్టి. “ప్రాణం తీసుకున్న రోజు మీ తమ్ముడు నీ గదికి దేనికొచ్చాడు?”

“కాయలు కోసే చిక్కం కర్ర కోసమండీ. పెరట్లో చూడమన్నాను.”

“గాలివానకి రెడ్డిగూడెంలో ఒక్క మామిడికాయ మిగల్లేదని నువ్వే పైన రాశావు. ఇంకేం కోస్తాడు?”

వినీల ఆ కాగితాలు తీసి ఆ వాక్యం మళ్లీ చదువుకుంది.

మాస్టారు వెళ్లి గుమ్మంలో నిలబడ్డారు. “నేనే మీ తమ్ముణ్ణి. అక్కా, చిక్కం కర్ర ఎక్కడుంది?”

ఆ రోజు ఫోన్లోంచి తలెత్తని వినీల ఇప్పుడు లేచి ఎదురెళ్లింది.

“కర్రెందుకురా? చెట్ల మీద ఏముందని? ఇలా వచ్చి కూర్చో.”