తేనెగొంతు

“ముప్ఫై రెండు పళ్లూ లోపలే ఉన్నాయి బాబూ! ఒక్కసారి తలుపు తీస్తే పట్టుకుపోతాను,” అని చిట్టి గేటు ఊచలు పట్టుకుని బతిమాలుతోంది.

గేటుకు అవతల కుర్చీ వేసుక్కూర్చున్న కొత్త వాచ్‌మన్ ఆమె నోటికేసి అనుమానంగా చూశాడు.

“ఉన్నాయి కదమ్మా!”

“నా పళ్లు కాదయ్యా, నేను చేసిన పళ్లు! ఇవాళ వాటి మీదే మా ఆఖరి పరీక్ష.”

“నాకేం తెలీదమ్మా. పొద్దున్నే తాళం చేతికిచ్చి, ఎవర్నీ రానివ్వద్దన్నారు. ఇది కాలేజీ అని మీరంతా వచ్చాకే తెలిసింది.”

వాడి తప్పేముంది? గేటు మీద బోర్డు ఉండాల్సిన చోట మేకులు మాత్రం మిగిలాయి. నిన్న సాయంత్రం దాకా కట్టుడుపళ్ల తయారీ నేర్పిన కాలేజీ తెల్లారేసరికి ఏమైందో ఎవరికీ అంతుపట్టలేదు. తలా ఒక మాట. మరమ్మతులట అన్నారొకరు. వేరే వీధికి మార్చారట అన్నారింకొకరు. కాదు, ఎవరో కొనేశారట, సోమవారం మళ్లీ తెరుస్తారట అని మరొకరు. ఈ ‘అట’లన్నీ ఎవరు చెప్పారంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రిన్సిపాల్ ఫోన్ ఎత్తడం లేదు.

మైనంతో పళ్లు చెక్కడం నేర్పే మేడం కూడా వీళ్లతో పాటే రోడ్డు మీద నిలబడింది.

“మేడమ్, మీకైనా చెప్పలేదా?”

“చెబితే ఇలా టిఫిన్ బాక్సు పట్టుకుని ఎందుకొస్తానే? నా కళ్లజోడు కూడా లోపలే ఉండిపోయింది. ఒక్క మాట చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?” అంటూ ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చిట్టికి బుర్ర గిర్రున తిరిగింది. పరీక్ష జరగకపోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే, చదువు అవ్వగానే రమ్మన్న పళ్ల డాక్టరు గుమ్మం ఎక్కనివ్వడు. రెండేళ్ల చదువు గంగలో కలిసినట్టే. అన్నయ్యకి ఏమని చెప్పాలి? అచ్చు తీయడానికి తన నోరే ఇచ్చాడు పాపం. నోటినిండా చల్లటి ముద్ద పెట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతున్నా కిక్కురుమనలేదు. ఆ పలువరస చూసే ఒక్కో పన్నూ చెక్కింది తను. ఇప్పుడు అన్నయ్య నోరు కూడా తాళంలో పడిపోయింది.

“ముందు ఆ తేనెగొంతుగాణ్ణి పట్టుకోవాలి!” అంది పక్క బల్ల అమ్మాయి పొడుగుజడ.

“వాడెవడే?”

“ఫోన్ చేసి మమ్మల్ని ఇందులో దింపినవాడు. వద్దు బాబోయ్ అని పెట్టేస్తే మళ్లీ చేశాడు. ‘భయపడకమ్మా, మా సొంత చెల్లెల్నే ఇందులో చేర్పించాను’ అన్నాడు. ఆ ఒక్క మాటకి పడిపోయాను.”

“నాతోనూ అదే మాట!” అన్నాడు గడ్డం కుర్రాడు.

“నాతో కూడా!” అని వెనకనుంచి ఇంకెవరో అరిచారు.

“చూశావా? చెల్లెలూ లేదు, గిల్లెలూ లేదు. నోరు విప్పితే అబద్ధం. నీతో ఏం వాగాడు?”

“నాకెవరూ ఫోన్ చేయలేదే. అన్నయ్యే చేయిపట్టుకుని తీసుకొచ్చి చేర్పించాడు.”

“అదృష్టవంతురాలివి. మాలాగా మాటలకి మోసపోలేదు.”

పొడుగుజడ ఆ నంబరుకి ఫోన్ చేసింది. పలకలేదు. ఇక అందరూ కలిసి తేనెగొంతు వంశాన్ని కడిగిపారేశారు. చిట్టికీ ఒళ్లు మండిపోయింది.

“వాడి నోరు పడిపోను!” అని మెటికలు విరిచింది.

ఎండ నెత్తికెక్కే వేళకి కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరింది. గుమ్మం ముందు అన్నయ్య బండి! ఆఫీసు వేళలో ఇంట్లో ఏం చేస్తున్నాడో అర్థం కాలేదు. లోపల పెరటి తలుపు దగ్గర నిలబడి ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు. జలుబు చేసిందేమో అనుకుంది.

“ఆఫీసు లేదా అన్నయ్యా?”

“లేదు.”

అంతే. అన్నయ్య తీరే అంత. ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. అలాంటివాడు, కాలేజీలో చేర్పించిన రోజు మాత్రం దారి పొడుగునా కబుర్లే. నీ పేరుతో షాపు పెడదామే, బోర్డు మీద పెద్ద పన్ను బొమ్మ వేయిద్దాం అని ఒకటే సంబరం. అది గుర్తొచ్చి చిట్టికి ఏడుపు ఆగలేదు.

“కాలేజీ మూసేశారు అన్నయ్యా! ఎందుకో, ఏమిటో ఎవరికీ తెలీదు. నా పరీక్ష పోయింది. నువ్వంత కష్టపడి ఇచ్చిన అచ్చు కూడా పోయింది.”

అన్నయ్య ఉలిక్కిపడలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి, గడప మీద కూలబడ్డాడు.

“మిగతావాళ్లు ఏమంటున్నారు?” అన్నాడు.

“ఏమంటారు! ఎవడో తేనెగొంతుగాడట. ఫోన్లలో తీపి కబుర్లు చెప్పి అందర్నీ ముంచాడు. వాడు దొరికితే పీక పిసికేస్తాం. ఎంత తెంపరితనమో చూడు! సొంత చెల్లెల్ని కూడా అందులోనే చేర్పించాడట!”

అన్నయ్య తలెత్తలేదు.

“ఆ మాట నిజమే చిట్టీ.”