పాతర మూత

ముసలాయన మూడో రోజు కూడా వచ్చాడు.

కాగజ్‌నగర్‌లో మిల్లు కూలీల వాడ అది. సరోజన ఇంటికి ఎదురుగా గోడ నీడన కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఆమె తలుపు వైపే చూస్తాడు.

ఆ తలుపు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. వాన కొట్టినా సరోజన మూయనివ్వదు. పెళ్లయిన కొత్తలో భర్త ఎల్లేశం ఒకసారి గొళ్లెం పెట్టాడు. ఆమె ఊపిరాడక గోడ గీరింది. మళ్లీ పెట్టలేదు. ఎందుకని అడిగితే ఆమె చెప్పలేదు.

"ఏమే సరోజనా, మీ మామ గిట్ల వచ్చిండా?" పక్కింటి గంగుబాయి నవ్వింది. "పొద్దుగాల సంది నీ ఇంటిదిక్కే సూస్తుండు."

"నాకేం ఎరుక అక్కా."

"జర పైలం. నీ తలుపు సూస్తే దొంగలకు పండుగే."

మధ్యాహ్నం ముసలాయన లేచి గడప దాకా వచ్చాడు.

"బిడ్డా, జరన్ని నీళ్లు పోస్తవా?"

సరోజన చెంబు తెచ్చింది. గడప దాటలేదు. లోపల నిలబడే వంచింది. ఆయన దోసిలి పట్టాడు. తాగుతుంటే దగ్గు తెర వచ్చింది. తగ్గాక మొహం పైకెత్తి ఆమెను చూశాడు.

"నీకు ఊపిరి సక్కగ ఆడుతుందా బిడ్డా?"

దగ్గుతున్నది ఆయన. అడుగుతున్నది ఆమెను.

ఇదేం మాట? ఆమె రెండడుగులు వెనక్కి వేయబోయింది. అప్పుడే ఆయన చొక్కా చెయ్యి కిందికి జారింది.

మణికట్టు మీద తేలు పచ్చబొట్టు.

చెంబు కింద పడింది.

పదహారేళ్ల కిందటి మాట. పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం. అప్పుడామెకు పద్నాలుగు. వాళ్లది జగిత్యాల పక్క పల్లె. ధాన్యం కోసం దొర మనుషులు కట్టెలు పట్టుకొని ఇంటి మీద పడ్డారు. పెరట్లో ఎవరో ఆమె మెడ పట్టి, నేలలో జొన్నలు దాచే పాతరలోకి తోశారు. పైన బండ పడింది. చీకటి కమ్మేముందు ఆమె చూసింది ఒక్కటే. ఆ చేతి మీద తేలు.

బయటికి తీసేసరికి బాపు ప్రాణంతో లేడు. ఆ రోజు ముచ్చట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఇప్పుడు గడప దాటింది.

"గా పాతరల నన్ను తోసింది నువ్వేనా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"నేనే బిడ్డా."

సరోజన అరిచింది. వాడంతా కదిలింది. షిఫ్టు దిగి వస్తున్న ఎల్లేశం ఉరికొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"నన్ను సంప సూసినోడు!" సరోజన ఆయన వైపు వేలు చూపింది. "పాతర మూత తీస్తే ఒకపూట గాలికి ఇడవాలె. దీపం దించి సూడాలె. దీపం ఆరితే మనిషి దిగొద్దు, లోపల గాలి సంపుతది. పసిపోరగాళ్లకు ఎరుకైన ముచ్చట! దీపం దించకుంట నన్ను తోసిండు. బండ సరిగ్గ పడలే గాబట్టి బతికిన!"

"చెప్పు, ఎందుకు తోసినవ్?" ఎల్లేశం గుంజాడు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"చెప్పొద్దు బిడ్డా. మాటిచ్చిన."

"మాటిచ్చిండట! పెద్ద హరిశ్చంద్రుడు!" గంగుబాయి చీపురు ఎత్తింది.

ఆయన చీపురు వైపు చూడలేదు. సరోజననే చూశాడు.

"ఎంత గట్టిగ అరుస్తున్నవ్!" అన్నాడు. మొహం విప్పారింది. "ఊపిరి మంచిగనే ఉన్నది. గంతే సాలు."

దగ్గుకుంటూ స్టేషను దిక్కు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి సరోజన తనే తలుపు మూసి గొళ్లెం పెట్టింది. తెల్లారేదాకా నిద్రపోయింది.

ఇరవై రోజులకు ఊరి నుంచి ఆమె తల్లి పోశవ్వ వచ్చింది. మూట దించి, చెంబెడు నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మొండయ్య పోయిండు బిడ్డా. మొన్న ఐతారం."

"ఏ మొండయ్య?"

"పాతరలు తవ్వేటాయన, పక్కూరు. పానం బాగలేదు, గా పిల్లను ఒక్కపారి సూసొస్తనంటే నేనే ఇంటి గుర్తులు చెప్పిన. రాలేదా?"

సరోజన ఎదురు గోడ నీడ వైపు చూసింది.

"చేతికి తేలు ఉంటది" అంది పోశవ్వ.

"వచ్చిండు" అంది సరోజన. "నన్ను సంప తోసినోన్ని నా ఇంటికే తోలినవా అవ్వా?"

"సంపుడేందే? గా దినం మన పాత పాతర తెరుద్దామని పిలిస్తే వచ్చిండు. గంతల్నే దొర మనుషులు పడ్డరు. నిన్ను దాచిపెట్టింది గాయనే."

"మరి నాకు ఒక్కనాడన్న చెప్పినవా?"

"దొర మనుషులు పడ్డ ఇంట్ల ఉన్న పిల్లంటే లోకం తప్పు మాట అంటది, నీకు పెండ్లి కాదని. వాళ్లు పడ్డనాడు పిల్ల మేనమామ ఇంట్ల ఉన్నదని ఊరికి చెప్పినం. యాడ నోరు ఇప్పొద్దని మొండయ్యతోని ఒట్టేయించిన."

"బండ సరిగ్గ పడలే అవ్వా. అందుకే బతికిన."

"పడకుంట సందుల కట్టె పెట్టిందెవలు? మీద గడ్డి కప్పిందెవలు?"

సరోజన గడపలో కూలబడింది. ఒక్క మాట మిగిలింది. దాన్ని పట్టుకుంది.

"దీపం దించలే గదా."

"దీపం ఇంట్ల ఉండె. ఇంట్ల వాళ్లుండిరి" అంది పోశవ్వ. "గందుకే ముందు తనే దిగి, నాలుగు ఊపిర్లు పీల్చి సూసి, గా దగ్గు ఎక్కించుకొని పైకొచ్చినంకనే నిన్ను దించిండు బిడ్డా."