చేపలకు ఓటు హక్కు

“కాకా, ముందుగాల మొదటి పేజీ చదువు. గట్టిగ చదువు, అందరికి ఇనబడాలె” అంటూ భానుప్రకాశ్ మైకు తెచ్చి పరమేశ్ గడ్డం కింద పెట్టాడు.

పరమేశ్ మైకు వైపు చూడలేదు. చెరువు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, లుంగీ అంచు ఇంకా తడిగానే ఉంది. బల్ల మీది పేపరు తీసుకుని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

పొయ్యి దగ్గర చాయ్ వడపోస్తున్న ముర్తుజాకు అప్పుడు గాని తను చేసిన పని తెలిసిరాలేదు. రాజకీయాల మీద జోకులు వేసే ఈ భానుప్రకాశ్ వీడియోలు కొంపల్లి అపార్టుమెంట్ల వాళ్ల దగ్గర్నుంచి అలియాబాద్ ఆటోల వాళ్ల దాకా అందరూ చూస్తారు. తన హోటల్ కూడా అందులో కనబడుతుంది కదా అని పొద్దున్నే సరేనన్నాడు. ఇవాళ్టి వేళాకోళం ‘నగర సంచలనం’ పేపరు చదివేవాళ్ల మీద. రోజూ వచ్చే పేపరు తీసి దాచి, భానుప్రకాశ్ తను తయారుచేసి తెచ్చినదాన్ని బల్ల మీద పెట్టాడు. పైన పెద్ద అక్షరాలు: ‘షామీర్‌పేట చెరువులో చేపలకు ఓటు హక్కు.’

కీసరలో ప్లాట్లు అమ్మే ఒకాయన అప్పటికే దొరికిపోయాడు. “ఓటిస్తే రేషన్ కార్డు గూడ ఇయ్యాలె గద. మనకే దిక్కు లేదు, చేపలకేంది?” అని నిజంగానే కోప్పడ్డాడు. హోటల్ హోటలంతా నవ్వింది.

“కాకా, చేపలు పట్టేటోనివి, నువ్వే చెప్పాలె. నీ వలల పడేటియి రూలింగ్ పార్టీయా, అపోజిషనా?”

మళ్లీ నవ్వులు. పరమేశ్ మొదటి పేజీ వైపు కన్నెత్తి కూడా చూడకుండా తిప్పేసి, తిన్నగా లోపలి పేజీ తెరిచాడు. సగం పేజీ నిండా నీళ్లలో నిలబడ్డ సినిమా నటి బొమ్మ.

“సూసిండ్రా దోస్తులారా” అన్నాడు భానుప్రకాశ్, ఫోన్‌తో వీడియో తీస్తున్న ఆదిత్య వైపు తిరిగి. “రాజ్యం ఎటన్న పోనీ, కాకకు లోపలి పేజీ కావాలె. నిలవడి చదువుతున్నవు, గంత తొందరేంది కాకా? ఆమె యాడికి పోదు, ఆడ్నే ఉంటది.”

“భానూ, బంద్ జెయ్” అన్నాడు ముర్తుజా.

“ఒక్క నిమిషం చాచా, మస్తు వస్తాంది.”

“బంద్ జెయ్ అంటున్న.”

ముర్తుజా వచ్చి అతని భుజం పట్టుకుని పొయ్యి పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు.

“ఆయిన సూసేది ఆమెను గాదు. దాని కింద సూడు, పోలీసోళ్లు ఏపిచ్చే ఫోటోలు. ఎవరో తెల్వని శవాలు. ఆయిన కొడుకు సన్నీ ఇంట్ల లొల్లి వెట్టుకొని పోయిండు, మళ్ల రాలే. టేషన్ల అడిగి అడిగి, ఇగ పేపర్ల సూస్కుంటడు. అండ్ల కొడుకు లేకుంటె నా దగ్గర ఒక చాయ్ తాగి పోతడు. అండ్ల లేడంటె యాడనో బతికి ఉన్నట్టే గద.”

“రోజూ వస్తడా?”

“రోజూ. నిరుడు వానకాలం డెంగీ వచ్చి దవాఖాన్ల పడ్డడు, గప్పుడే తప్పింది. వచ్చినంక అడిగిండు, ఆ పేపర్లు యాడున్నయి భాయ్ అని. అప్పటికె మిర్చీలకు పొట్లాలు కట్టిన, మిగిలినయి చిత్తుకాగితాలోనికి ఏసిన.”

భానుప్రకాశ్ ముఖంలో నవ్వు ఇంకిపోయింది. ఆదిత్యకు చేత్తో సైగ చేశాడు. అతను ఫోన్ దించేశాడు. బల్లల దగ్గరి నవ్వులు కూడా ఒక్కొక్కటిగా సద్దుమణిగాయి.

పరమేశ్ పేపరు మూసేదాకా ముర్తుజా ఏ రోజూ చాయ్ పెట్టడు. అది ఇద్దరూ మాట్లాడుకోకుండానే కుదిరిన పద్ధతి. ఇవాళ మాత్రం మనసాగలేదు. చక్కెర తక్కువ వేసి, గ్లాసు నిండా పోసి, ముందుగానే తీసుకువెళ్లి ఆయన పక్కన పెట్టాడు.

భానుప్రకాశ్ వచ్చి బల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

“కాకా, మాఫ్ జెయ్. తెల్వక నవ్విన.”

పరమేశ్ తల ఎత్తలేదు. ఆయన వేలు పేజీ కింది మూలన ఉంది.

“ఆ చేపల ముచ్చట అబద్ధం కాకా. అది నేనే రాసి కొట్టిచ్చిన. వీడియో గూడ తీసేస్త.”

అప్పుడు చూశాడు పరమేశ్ అతని వైపు.

“నువ్వే కొట్టిచ్చినవా బిడ్డా?” అన్నాడు. ఆ గొంతులో ఇంత ఆశ ముర్తుజా ఎన్నడూ వినలేదు. “లోపలిది గూడ నువ్వే కొట్టిచ్చినవా? గీ ఫోటోలు గూడ?”

పెద్దాయనకు పేపరు మీద నమ్మకం పోతుందేమోనని భానుప్రకాశ్ కంగారుపడ్డాడు.

“లే కాకా, లే. పైదొక్కటే నాది. లోపలిది అసలు పేపరే. చిత్తుకాగితాల దుకాణంల నిరుటిది తెచ్చి, మీద పేజీ మార్చిన, గంతే. నువ్వు సూసేదంత నిజమే, ఫికర్ జెయ్యకు.”

పరమేశ్ కళ్లజోడు తీసి, పేపరును మడత మీద మడత పెట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఆవిర్లు పోతున్న గ్లాసును మెల్లగా ముర్తుజా వైపు జరిపాడు.

“ఇయ్యాల చాయ్ వద్దు భాయ్” అన్నాడు.