శనగల ఓడ

"ఆ ఓడని ఎలాగైనా ఆపాలిరా," అన్నాడు అన్న ఫోనులో.

రేవు కార్యాలయం మెట్ల మీద నిలబడ్డ తనిఖీ అధికారి అటూ ఇటూ చూశాడు. "మెల్లిగా అన్నా. నేను ఆపేదేముంది? సరుకు పరీక్ష చేసేవాణ్ణి, అంతే."

"నీ పరీక్షలో తప్పితే ఆగుతుందిగా. నువ్వు ముందుగా చెప్పిన ఓడ కబురు ఊరంతా పాకింది. పరాయి శనగలొచ్చి పడతాయని జనం వచ్చినకాడికి తెగనమ్ముకున్నారు. నేను మాత్రం ఒక్క గింజ అమ్మలేదు. గోదాము నిండా ఉంది. తమ్ముడున్నాడని ధైర్యం."

తమ్ముడి చదువు కోసం అన్న బడి మానేసి నాగలి పట్టాడు. ఆ సంగతి అన్న ఏనాడూ ఎత్తడు. ఎత్తకపోవడమే తమ్ముడి మెడ మీద కాడి.

దేశంలో శనగ సాగు ఏటేటా తగ్గుతోంది. పంట తగ్గిందని ఓడలొస్తాయి. ఓడలొచ్చి ధర పడిందని రైతు మరుసటేడు ఇంకాస్త తగ్గించి వేస్తాడు. చెట్టు ముందా విత్తు ముందా అని అతని కార్యాలయంలో ఎవరూ అడగరు. అక్కడ ఓడ ముందు. అదీ సరిగ్గా కోతలయ్యే వేళకి వస్తుంది.

మర్నాడు పొద్దున వంటింట్లో పాత శనగల డబ్బా మూత తీశాడు.

"అవి పుచ్చిపోయాయండీ, పారేద్దామని పక్కన పెట్టాను," అంది భార్య. "జేబులో వేసుకుంటున్నారేంటి? మీ రేవులో పురుగులక్కూడా కరువొచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు.

ఓడ అడుగు నుంచి గొట్టంతో తీసిన శనగలు తెల్ల పళ్లెంలో పోశారు. నున్నటి గింజలు. ఒక్క మచ్చ లేదు. దిగుమతిదారు గుమాస్తా పక్కన నిలబడి ఆవులించాడు.

"ముత్యాలండీ. మనవాళ్లు ఇలా పండించి చావరు."

అంతవరకూ వెనకాడిన చెయ్యి ఆ మాటతో జేబులోకి వెళ్లింది. గుమాస్తా మళ్లీ ఇటు తిరిగేసరికి పళ్లెంలో గోధుమరంగు పురుగొకటి పాకుతోంది.

"బతికున్న పురుగు. సరుకు దించడానికి వీల్లేదు," అన్నాడు అతను. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఉద్యోగంలో అదే అతని మొదటి అబద్ధం. సిగ్గు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. మెడ తేలికైంది.

ఓడ వెనక్కి జరిగి సముద్రంలో లంగరు వేసుకుంది. బజారులో ధర లేచింది. కిరాణా కొట్టు ముందు జనం తిట్టుకుంటుంటే అతను తల దించుకుని నడిచాడు. తిట్టుకోనీ, ఒక్క రైతునైనా నిలబెట్టాను అనుకున్నాడు.

అన్నకి ఫోను చేస్తే వదిన ఎత్తింది.

"మొత్తం అమ్మేశారయ్యా, మంచి రేటుకి. పొద్దస్తమానం నీ పేరే జపం మీ అన్నకి."

"రెక్కలు ముక్కలు చేసుకున్నందుకు ఈ ఒక్క ఏడైనా దక్కింది వదినా. కోతలకి కూలీలు దొరికారా మరి?"

"కోతలేంటయ్యా? గోదాములోవన్నీ ఊళ్లోవాళ్ల దగ్గర కొన్నవే," వదిన నవ్వింది.

"ఈసారి మేం విత్తనమే వెయ్యలేదుగా."