ముఖం లేని బొమ్మ

పొద్దున పాలకని వెళ్ళిన నాన్న మధ్యాహ్నమైనా ఇంటికి రాలేదు.

ఆయనకు మతిమరుపు. ఇంటి దారే కాదు, ఒక్కోసారి సొంత పేరు కూడా గుర్తుండదు.

కూతురు చెప్పులైనా వేసుకోకుండా పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తింది. చేతిలో ఉన్నది ఎప్పటిదో పెళ్ళి ఫొటో. అందులో నాన్నకు జుట్టుంది, మీసముంది, పళ్ళున్నాయి. ఇప్పుడా మూడూ లేవు.

"దీంతో వెతికితే దొరికినట్టే," అన్నాడు కానిస్టేబుల్.

నోటీసు బోర్డు కింద బల్ల మీద కూర్చున్న ముసలాయన ఇంకు పెన్ను తీశాడు.

"మీ నాన్నగారు ఎలా నడుస్తారమ్మా?"

ఆమెకు ఒళ్ళు మండింది. "నడక దేనికండీ? ముక్కూ మొహం అడగాలిగానీ."

"మొహాలు మారిపోతాయి తల్లీ. నడక మారదు."

ఆమె చూపు తిప్పుకుంది. బోర్డు మీద వెలిసిపోయిన సిరా బొమ్మ, పరుగెడుతున్న ఓ పసివాడి వీపు. ఎవరో సరదాకి అంటించారనుకుంది.

ఏడుపు దిగమింగి చెప్పింది. నాన్న పోస్ట్‌మన్. సంచి మోసీ మోసీ ఎడమ భుజం ఒరిగిపోయింది. సంచి దిగి ఏళ్ళయినా భుజం లేవలేదు.

పెన్ను మెడ దగ్గర మొదలై, భుజం మీదుగా మడమ దాకా ఆగకుండా దిగింది. ఇంకో గీత. మరో చిన్న గీత. అంతే.

కళ్ళు లేవు, ముక్కు లేదు. కాగితం మీద నాన్న అటు తిరిగి నడిచి వెళ్ళిపోతున్నాడు.

"నాన్నా" అని పిలవబోయి ఆగిపోయింది. మూడు గీతల్లోకి మనిషి మనిషంతా ఎలా వచ్చాడో ఆమెకు అంతుపట్టలేదు.

ఆటో స్టాండులో ఆ కాగితం చూడగానే ఒకతను, "ఈ పెద్దాయనా? రైలు గేటు దగ్గర కూర్చున్నారుగా," అన్నాడు.

నాన్న దొరికాడు. ఏరు దాటాక తెప్ప ఎవరికి గుర్తుంటుంది? ఇవాళా రేపూ అంటూ నెలలు దొర్లిపోయాక, ఆమె అరటిపళ్ళు తీసుకుని స్టేషన్‌కు వెళ్ళింది.

బల్ల ఖాళీగా ఉంది.

"పోయిన వారమే కాలం చేశారమ్మా," అన్నాడు కానిస్టేబుల్.

ఆమె అరటిపళ్ళు ఆ బల్ల మీద పెట్టింది.

"మీ ఆర్టిస్టుది ఎంత గొప్ప చెయ్యండీ."

"మా ఆర్టిస్టు కాదమ్మా. ఏమైనా కబురు తెలిసిందా అని రోజూ వచ్చి కూర్చునేవారు."

"ఎవరి కబురు?"

కానిస్టేబుల్ బోర్డు మీద పరుగెడుతున్న పసివాడి వీపు చూపించాడు.

"వాడిదే. ఐదేళ్ళప్పుడు తప్పిపోయాడు. ఇన్నేళ్ళకి వాడి మొహం ఎలా ఉంటుందో కన్నతండ్రికి మాత్రం ఏం తెలుస్తుందమ్మా."